గీత, గడి, కథ: ఇంట గీసిన ఆటపటాలపై విమర్శనాత్మక పరిశీలన (కొడంగల్, తాండూరు నేలపటాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

ఆటలను గురించి రాసేటప్పుడు తెలుగు పరిశోధన పాచికను, పందేన్ని, పాటను పట్టించుకున్నంతగా పటాన్ని పట్టించుకోలేదు. ఆట ఆడటానికి ముందు ఎవరో ఒకరు నేల మీదనో, కాగితం మీదనో ఒక పటాన్ని గీయాలి. ఆ గీయడంలోనే నియమం, స్థలం, అధికారం నిర్ణయమవుతాయి. పులి-మేక, దాడి, అష్టాచెమ్మా, వైకుంఠపాళి పటాలను, పాత్రధారణ ఆటల కోసం ఇంట్లో గీసుకునే యుద్ధపటాలను పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు ఆటపటాల్లో ఎంపిక ఉన్నచోట కథ లేదని, కథ ఉన్నచోట ఎంపిక లేదని, ఈ రెంటినీ కలిపే సంప్రదాయం మనకు ఆటలో కాక పటంకథలో కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొడంగల్, తాండూరు ప్రాంతపు నాపబండ నేల ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలకపదాలు: ఆటపటం, పులి-మేక, అష్టాచెమ్మా, వైకుంఠపాళి, పాత్రధారణ ఆట, యుద్ధపటం, పటంకథ, గడీ, తాండూరు బండ, కొడంగల్.

1. ప్రవేశిక:

మహాభారత ద్యూతఘట్టం తెలియని తెలుగు పాఠకుడు ఉండడు. నన్నయ సభాపర్వం చదివినవారికి శకుని పాచికలు గుర్తుంటాయి, ధర్మరాజు ఒడ్డిన పందేలు వరుసగా గుర్తుంటాయి. ఆ పాచికలు ఏ పటం ముందు పడ్డాయి, ఆ పటాన్ని ఎవరు పరిచారు అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా మనకు తట్టదు. ఆట అనగానే గెలుపోటములను, నీతిని వెతకడానికి అలవాటుపడిన విమర్శ, ఆటకు ఆధారమైన గీతలను దాటి వెళ్లిపోయింది.

ఈ ఉపేక్ష నేడు రెండు విధాల నష్టం కలిగిస్తున్నది. ఒకటి, నేల మీద గీసి ఆడే ఆటలు తగ్గుతున్న కొద్దీ వాటి నియమాలు పుస్తకాల్లో మిగులుతున్నాయి గాని, వాటిని గీసే తీరు మిగలడం లేదు. రెండు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి పాత్రధారణ ఆటలను, వాటికోసం ఇంట్లో గీసుకునే పటాలను మన విశ్వవిద్యాలయాలు పరాయి వినోదంగా చూసి వదిలేస్తే, మన అరుగుల మీది పటాలకూ వాటికీ ఉన్న రూపసంబంధాన్ని పరిశీలించే అవకాశం పోతుంది. ఒకదాన్ని జానపదమని, మరొకదాన్ని విదేశీయమని వేరుచేసిన పిమ్మట రెండింటినీ సరిగా చదవలేము.

1.1 పరిధి:

ఇది క్షేత్రగణాంకాల వ్యాసం కాదు. పటాల నిర్మాణాన్ని పాఠంగా భావించి చేసిన విమర్శ మాత్రమే. ఒకే ఆటకు ఊరూరా భేదాలున్న మాట నిజమే అయినా, విస్తృతంగా వాడుకలో ఉన్న రూపాలనే ఇక్కడ ఆధారంగా తీసుకోవడమైంది.

2. పటం: పదం, పూర్వపరిశీలన:

సంస్కృతంలో పటమంటే వస్త్రం. తెలుగులో ఆ మాట వస్త్రాన్ని దాటి ఎంతో దూరం వచ్చింది. గోడకు వేలాడే దేవుడి బొమ్మ పటమే, బడిలోని దేశపటం పటమే, ఆకాశంలో ఎగిరే గాలిపటమూ పటమే. వైకుంఠపాళికి మరో పేరు పరమపద సోపాన పటం. చిత్రం, భూగోళరేఖ, ఆటస్థలం అనే మూడు భావాలను తెలుగు ఒక్క మాటలో ఇముడ్చుకున్నది. ఆటపటాన్ని ఒకేసారి బొమ్మగా, దారిచూపే రేఖగా, నియమంగా చదవాలన్న సూచన మన పదజాలంలోనే ఉన్నది.

ఆటల చరిత్రకు తెలుగులో విలువైన పునాదులున్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) కావ్యాలను సామాజిక సాక్ష్యాలుగా చదివి, ఆయా కాలాల వినోదాలను, ఆటల పేర్లను వెలికితీసింది. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' ఆటల పేర్లకు పరిశోధకులు తరచు ఆశ్రయించే కావ్యం. అంతకు చాలా ముందు, కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లో క్రీడావింశతి అనే విభాగమే ఉన్నది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' జానపద పరిశోధనకు విశ్వవిద్యాలయ స్థాయిలో దారి వేసింది.

ఈ కృషిని తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే సాహిత్య ఆధారాల మీద నడిచిన పరిశోధన సహజంగానే మాటకు పెద్దపీట వేసింది. ఆట పేరు మాట, ఆటపాట మాట, నియమం కూడా మాటే. పటం మాత్రం గీత. కావ్యం దాన్ని మోసుకురాలేదు. హంపి శిథిలాల్లోని బండల మీద చెక్కిన ఆటపటాలు నేటికీ కనిపిస్తాయి. అవి రాతిలో పడ్డాయి కనుక మిగిలాయి. సుద్దతో, బొగ్గుతో గీసినవి ఆ సాయంత్రమే చెరిగిపోయాయి. చెరిగిపోవడానికే గీసినదాన్ని ఎలా చదవాలన్నది ఇక్కడి అసలు సమస్య.

3. నేల చెప్పే పాఠం: కొడంగల్, తాండూరు:

కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లాలో అధికభాగం మైసూరు రాష్ట్రానికి పోగా, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటూ వచ్చిన కొడంగల్ 2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలిసి వినిపించే ఈ సీమలో పాలనాపటం ఇన్నిసార్లు మారింది. ఇక్కడ పులి-మేక అన్నదాన్ని సరిహద్దుకు అవతల హులి-కురి అంటారు. ఆటపటాలకు ఆ సరిహద్దు పట్టలేదు.

సరిహద్దుకు రెండు వైపులా నేలలో ఉన్న రాయి కూడా ఒకటే. భీమానదీ పరీవాహకంలోని సున్నపురాతి పొరలను తాండూరులో తాండూరు బండ అని, అవతల షాబాద్ బండ అని అంటారు. పొరలు పొరలుగా విడివడే ఈ రాయిని చదరపు పలకలుగా కోసి ఇళ్లలో, అరుగుల మీద, గుడి ఆవరణల్లో పరుస్తారు. చదునుగా ఉండే ఆ నాపబండ మీద సుద్దగీత స్పష్టంగా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పలకలను ఆనించి పరిచిన నేల, ఎవరూ ఏమీ గీయకముందే, అతుకుల గీతలతో ఒక గళ్లపటంగా ఉంటుంది.

3.1 గీత దారి అయిన పటం:

పులి-మేక పటాన్ని గీసే క్రమం గమనింపదగినది. శిఖరం నుంచి నాలుగు ఏటవాలు గీతలు కిందికి దిగుతాయి. వాటి పాదాలను కలుపుతూ ఒక అడుగుగీత. నడుమ నాలుగింటినీ దాటుకొని ఇరుపక్కలకూ చొచ్చుకుపోయే మూడు అడ్డగీతలు. ఆ అడ్డగీతల కొసలను కలుపుతూ ఇటొకటి, అటొకటి నిలువుగీతలు. మొత్తం పది గీతలు. శిఖరం దగ్గర ఒక కూడలి, ఒక్కో అడ్డగీత మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగుగీత మీద నాలుగు, వెరసి 23 కూడళ్లు. మూడు పులులు, పదిహేను మేకలు.

ఈ పటంలో ఆట నడిచేది గళ్లలో కాదు, కూడళ్ల మీద. గీత ఇక్కడ హద్దు కాదు, దారి. ప్రతి కూడలికీ ఎన్ని దారులున్నాయో లెక్కిస్తే పటం స్వభావం బయటపడుతుంది. శిఖరానికీ, నడుమనున్న పన్నెండు కూడళ్లకూ నాలుగేసి దారులున్నాయి. అడుగుగీత మీది రెండు నడిమి కూడళ్లకు, ఇరుపక్కల నడిమి కొసలకు మూడేసి. మిగిలిన ఆరు మూలలకు రెండేసి మాత్రమే. అంటే ఈ పటంలో మైదానముంది, ఇరుకుసందులున్నాయి, తప్పించుకోవడం కష్టమైన మూలలున్నాయి. కొండ బొమ్మ గాని, వాగు బొమ్మ గాని వేయకుండానే, గీతల కలయికతోనే నేల స్వభావం ఏర్పడింది. మేకను దాటి దూకడానికి వీలున్న తావులు, పులిని దిగ్బంధించడానికి అనువైన తావులు ఆటగాళ్లకు అనుభవంతో తెలుస్తాయి. ఆ తెలివికి మూలం ఈ పది గీతలే.

గీసేవారు మరొక అడ్డగీత చేర్చితే ఆరు కూడళ్లు పెరిగి 29 అవుతాయి. అప్పుడు మూడు పులులు చాలకపోవచ్చు, మేకల సంఖ్య మార్చవలసి రావచ్చు. ఒక గీత కలపడం ఒక నియమాన్ని సవరించడమే. ఈ ఆటకు ఊరూరా కనిపించే భేదాలను పాఠదోషాలుగా కాక, గీసినవారు చేసిన సవరణలుగా చదవవలసి ఉంటుంది. దాడి ఆటలోనూ ఇదే ధోరణి. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చదరాలు, వాటి భుజాల మధ్యబిందువులను కలిపే గీతలు, 24 కూడళ్లు. అక్కడ ఒకే వరుసలో మూడు కాయలు కూడితే ఎదుటివాడి కాయ పోతుంది. గీత అక్కడ దారే కాక ఆయుధం కూడా.

3.2 గడి తావు అయిన పటం:

అష్టాచెమ్మాలో పరిస్థితి వేరు. ఐదు నిలువు, ఐదు అడ్డం వెరసి 25 గడులు. నాలుగు పక్కల నడిమి గడులలోనూ, నట్టనడి గడిలోనూ అడ్డదిడ్డంగా రెండు గీతలు గీసి గుర్తు పెడతారు. గవ్వలు గాని, అరగదీసిన చింతగింజలు గాని వేస్తే పడినదాన్ని బట్టి కాయ నడుస్తుంది. బయటి చుట్టులో 16 గడులు, లోపలి చుట్టులో 8, చివర నట్టనడి గడి. ఇక్కడ గీత హద్దు. కాయ నిలిచేది గడిలో. గుర్తున్న గడిలోని కాయను చంపరాదు. కేవలం రెండు గీతల గుర్తుతో ఒక తావు అభయస్థలమవుతుంది.

ఈ రెండు రకాల పటాలు రెండు స్థలభావనలు. మొదటిదానిలో చోటుకు విలువ అక్కడినుంచి పోగల దారుల వల్ల వస్తుంది. రెండవదానిలో చోటుకు విలువ దానిమీద పెట్టిన గుర్తు వల్ల వస్తుంది. ఇంట గీసిన పటాన్ని విమర్శించేవారు మొదట వేయవలసిన ప్రశ్న ఇదే: ఈ పటంలో గీత దారా, హద్దా?

4. ఎంపిక ఒకచోట, కథ మరొకచోట:

వైకుంఠపాళిని ఈ వరుసలో పెడితే ఒక లోటు కనిపిస్తుంది. ఆ పటం నిండా కథ ఉన్నది. పాపపుణ్యాల పేర్లు, పురాణపాత్రలు, నిచ్చెనలు, పాములు, అన్నింటికీ పైన పరమపదం. పెద్దపాము నోట పడ్డ కాయ ఎంత పై నుంచి కిందికి జారుతుందో ఆడినవారందరికీ తెలుసు. అయితే ఆటగాడు చేయగలిగింది పందెం వేయడం మాత్రమే. ఏ నిచ్చెన ఎక్కాలో, ఏ పామును తప్పించుకోవాలో అతని చేతిలో లేదు. కర్మఫలం ఎలా అనుభవించాలో చెప్పే పటం గనుక అది దాని తాత్త్వికతకు తగిన నిర్మాణమే. కాని కథాస్థలంగా చూస్తే, అందులో పాత్రకు స్వేచ్ఛ లేదు.

పులి-మేకలో దీనికి పూర్తిగా విపర్యయం. ప్రతి ఎత్తూ ఆటగాడి నిర్ణయమే, గవ్వ ప్రమేయం లేదు. కాని ఈ పులి ఏ అడవిది, ఈ మేకలు ఎవరి మందలోవి అన్న కథ పటం మీద లేదు. ఆట ముగియగానే పులి మళ్లీ గులకరాయి అవుతుంది.

ఈ విభజనను ఇలా సూత్రీకరించవచ్చు: మన ఆటపటాల్లో ఎంపిక ఉన్నచోట కథ లేదు, కథ ఉన్నచోట ఎంపిక లేదు. వైకుంఠపాళి అచ్చుపటంగా అంగళ్లకు చేరిన తరువాత ఈ ఎడం మరింత గట్టిపడింది. గీసే పటాన్ని ఆడేవారు మార్చుకోగలరు. అచ్చుపటంలోని పాము ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఎంపికనూ కథనూ ఒకే పటం మీదికి తెచ్చే ప్రయత్నంగా పాత్రధారణ ఆటల యుద్ధపటాన్ని చదివితే దాని ప్రాముఖ్యం స్పష్టమవుతుంది.

5. యుద్ధపటం: చరిత్ర, కొలత:

పాత్రధారణ ఆటలో ప్రతి ఆటగాడు ఒక పాత్రను ధరిస్తాడు. ఒకరు మాత్రం కథాలోకాన్ని నడిపిస్తారు. ఆ వ్యక్తిని ఈ వ్యాసంలో సూత్రధారి అందాం. నాటకాన్ని నడిపేవాడికీ, నూలు పట్టి కట్టడాన్ని నిర్మించే శిల్పికీ సంస్కృతంలో ఈ మాట ఒకటే. కథ నడుపుతూ పటం గీసే మనిషికి ఇంతకన్న తగిన పేరు లేదు.

ఈ పటానికి పూర్వరూపాలు ఐరోపా యుద్ధక్రీడల్లో ఉన్నాయి. జర్మన్ దేశీయుడు హెల్విగ్ 1780లో చదరంగాన్ని విస్తరించి, గళ్లకు రంగులు వేసి కొండలను, నీటిని సూచించాడు. ప్రష్యాలో రైస్విట్జ్ 1812లో రూపొందించిన యుద్ధక్రీడను ఆయన కుమారుడు 1824లో సవరించి, గళ్లను తొలగించి, అసలైన భూపటాల మీద, ఒక మధ్యవర్తి తీర్పుతో ఆట నడిచేలా చేశాడు. సూత్రధారికి పూర్వరూపం ఆ మధ్యవర్తి. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' ఆ యుద్ధాన్ని ఇంటి నేల మీదికి దించింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ సైన్యాలను తగ్గించి ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్రనిచ్చింది. ఆట మొదలుకాకముందే సూత్రధారి భూగర్భపు అంతస్తులను చదరాల కాగితం మీద గీసుకోవాలని దాని తొలి నియమాలు కోరాయి. అంటే ఇంట పటం గీయడం ఈ ఆటకు అలంకారం కాదు, ప్రవేశద్వారం.

5.1 ఐదడుగుల గడి:

తరువాతి కాలంలో స్థిరపడిన వాడుక ప్రకారం పటం మీది ఒక అంగుళం గడి కథాలోకంలో ఐదడుగుల చదరం. అంటే 60కి 1 నిష్పత్తి. ఏ4 కాగితం మీద పూర్తి అంగుళపు గడులు ఎనిమిదికి పదకొండు, అనగా 88 మాత్రమే పడతాయి. అది 40 అడుగుల వెడల్పు, 55 అడుగుల పొడవు గల స్థలం. ఒక మోస్తరు ఇంటి వాకిలి పడుతుంది గాని ఊరి అంగడి పట్టదు. రెండడుగుల చదరపు తాండూరు బండ మీద ఇవే గడులు గీస్తే 24కు 24, మొత్తం 576 గడులు. అది 120 అడుగుల చదరం. ప్రతి గడిలో ఒక చింతగింజ హాయిగా నిలుస్తుంది.

గడిలో ఒక చిక్కు ఉన్నది. పక్కగడికి పోవడానికీ, మూలగడికి పోవడానికీ నిజమైన దూరం ఒకటి కాదు. మూలగా పోతే దాదాపు ఒకటిన్నర రెట్లు. కొన్ని నియమాలు ఈ తేడాను పట్టించుకోకుండా రెండింటినీ ఐదడుగులే అంటాయి. మరికొన్ని మూల అడుగులను ఒకటి విడిచి ఒకటి ఐదు, పది అడుగులుగా లెక్కిస్తాయి. అవలాన్ హిల్ సంస్థ 1961 నాటి 'గెటిస్‌బర్గ్' ఆటలో షడ్భుజాలను వాడటంతో, పొరుగుగడులన్నీ సమదూరంలో ఉండే మార్గం ఏర్పడింది. పులి-మేక పటంలో ఈ చిక్కు అసలు పుట్టదు. అక్కడ దూరం లేదు, పొరుగు మాత్రమే ఉంది. గీత ఉంటే పోవచ్చు, లేకుంటే లేదు. ఇంట్లో యుద్ధపటం గీసేవారు గడులకే కట్టుబడనక్కరలేదని, కూడళ్ల పటం కూడా యుద్ధపటం కాగలదని మన అరుగులు చెబుతున్నాయి. గుహలు, సందులు, కోటగోడల మీది దారులు ఉన్న ఘట్టాలకు కూడళ్ల పటం మరింత తగినది. బహిరంగ మైదానానికి గడులు తగినవి.

5.2 దాచిన పటం, విని గీసిన పటం:

ఈ ఆటల్లో తరచుగా రెండు పటాలుంటాయి. ఒకటి సూత్రధారి ముందే గీసి దాచుకున్నది. రెండవది సూత్రధారి మాటలను విని ఆటగాళ్లలో ఒకరు గీసుకుంటూ పోయేది. ఎడమకు మలుపు ఉందని విన్న ఆటగాడు గీసిన గీత, దాచిన పటంతో సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఆ తేడాలోనే భయం, ఉత్కంఠ పుడతాయి. తిక్కన ద్రోణపర్వంలోని పద్మవ్యూహ ఘట్టం తెలుగువారికి ఇందుకు దగ్గరి ఉదాహరణ. అభిమన్యుడికి ప్రవేశించే దారి తెలుసు, వెలువడే దారి తెలియదు. సగం పటం మాత్రమే చేతిలో ఉన్న వీరుని విషాదం అది. వ్యూహం పూర్తిగా తెలిసినవాడికి అది లెక్క. సగం తెలిసినవాడికే కథ.

6. విప్పే పటం: పటంకథ సంప్రదాయం:

ఎంపిక, కథ ఒకచోట చేరే సంప్రదాయం తెలుగు ఆటపటాల్లో లేకపోయినా, వాటికి దాపునే ఒక కళ ఉన్నది. చేర్యాల నకాశీ కళాకారులు వస్త్రం మీద చిత్రించే పొడవాటి పటాలను ఆధారం చేసుకొని కులపురాణాలు చెప్పే కథకులున్నారు. పద్మశాలీలకు మార్కండేయపురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. కథ నడుస్తున్న కొద్దీ చుట్ట విడుతుంది. విప్పని భాగం శ్రోతకు కనిపించదు, కథకుడికి తెలుసు.

సూత్రధారి పటాన్ని కాగితంతో కప్పి, పాత్రలు ముందుకు పోయిన కొద్దీ కొంచెం కొంచెంగా తెరవడం ఇదే పద్ధతి. తేడా ఒక్కటే. చేర్యాల పటంలో తరువాతి చిత్రం ఏదో ముందే నిర్ణయమైంది. పాత్రధారణ ఆటలో ఏ వైపు విప్పాలో ఆటగాళ్ల నిర్ణయాన్ని బట్టి మారుతుంది. పటంకథలోని క్రమక్రమ ఆవిష్కారం, పులి-మేకలోని ఎంపిక, అష్టాచెమ్మాలోని గడి గుర్తు, ఈ మూడూ కలిస్తే యుద్ధపటం వస్తుంది. దానికి కావలసిన మూడు అంగాలూ తెలుగునాట విడివిడిగా ఉన్నాయి. వాటిని కలపడం మాత్రమే మనం చేయలేదు.

7. గడి, గడీ: ఒక అన్వయం:

తెలంగాణ పలుకుబడిలో ఒక అక్షరం దీర్ఘమైతే అర్థం మారిపోతుంది. గడి ఆటపటంలోని చదరం. గడీ దొర నివాసం. ఎత్తైన ప్రహరీ, బురుజులు, పెద్ద దర్వాజ, లోపలి ఆవరణ, ధాన్యపుకొట్లు, బావి గల ఆ కట్టడాల శిథిలాలు తెలంగాణ జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంట్లో యుద్ధపటం గీసే తెలుగు సూత్రధారి ఐరోపా కోటకు బదులు గడీని గీయదలిస్తే ఏమవుతుంది?

మొదటి సమస్య కొలత. ఏ4 కాగితం మీద ఐదడుగుల గడులతో గడీ పట్టదు. కనుక దేన్ని వదిలేయాలన్నదే పటకర్త తొలి నిర్ణయం. దర్వాజ నుంచి గీస్తే అది దొర చూపించదలచిన గడీ. వెట్టికి వచ్చినవారు అడుగుపెట్టే పెరటివాకిలి నుంచి గీస్తే అది మరొక గడీ. రెండు పటాలూ కొలతల్లో తప్పులేనివే కావచ్చు. కాని దారి ఎక్కడ మొదలవుతుంది, ఏ గడిలో గుర్తు పెట్టాం, ఏ గది చీకటిలో వదిలేశాం అన్నవాటిని బట్టి కథ ఎవరిదో తేలుతుంది. పటం తటస్థమైనది కాదు. గీసేవారి నిలుచున్న చోటు అందులో ఉంటుంది.

రెండవ సమస్య రూపం. గడీ లోపల జరిగే ఘట్టానికి గడులపటం పనికివస్తుంది. గడీకీ ఊరికీ నడుమ జరిగే ఘట్టానికి పులి-మేక పటమే మెరుగు. కొద్దిమంది బలవంతులు, ఎక్కువమంది బలహీనులు. బలవంతులు దూకి చంపగలరు. బలహీనులకు చంపే శక్తి లేదు, కలిసికట్టుగా దారులు మూసే శక్తి మాత్రమే ఉంది. ఈ అసమాన నిర్మాణం చదరంగంలో లేదు. అక్కడ ఇరుపక్షాలూ సమబలంతో మొదలవుతాయి. సమబలుల యుద్ధం రాజుల యుద్ధం. ఊళ్లలో జరిగే పోరాటాలు చాలావరకు సమబలుల మధ్య జరగవు. పల్లె కథను ఆటగా మలచదలచినవారికి చదరంగపు వారసత్వం కన్నా పులి-మేక వారసత్వం ఎక్కువ ఉపకరిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

8. ఆక్షేపణలు, పరిమితులు:

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, 1974 నాటి ఆటనూ అరుగుమీది ఆటనూ పోల్చడం కాలవిరోధమని. ఇక్కడ వంశక్రమాన్ని ప్రతిపాదించడం లేదు. పులి-మేక నుంచి యుద్ధపటం పుట్టిందని ఎవరూ అనలేరు. రూపసామ్యం ద్వారా ఒకదాని లోపాన్ని మరొకదానితో గుర్తించడమే ఇక్కడ జరిగింది.

రెండవది, పులి-మేకను దొర, ఊరు సంబంధానికి రూపకంగా చదవడం అతివ్యాఖ్య అని. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ఆట ఆడే పిల్లలు పీడనను తలచుకొని ఆడరు. పులివైపు ఆడటానికే ఎక్కువమంది పోటీపడటమూ ఉన్నదే. కనుక పటానికి ఆ అర్థం సహజంగా ఉన్నదనడం సరికాదు. ఆ అర్థాన్ని మోయగల నిర్మాణం దానికుందనడం మాత్రమే సమంజసం. రూపానికీ భావానికీ మధ్య ఈ ఎడాన్ని పాటించకపోతే విమర్శ నినాదమవుతుంది.

మూడవది, గడీని ఆటస్థలంగా మార్చడం వేదనాభరితమైన చరిత్రను వినోదంగా దిగజార్చడమని. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. గడీ కేవలం దెయ్యాలు, నిధులు ఉన్న నేపథ్యంగా మిగిలితే ఆ ఆక్షేపణ నిజమవుతుంది. ఏ వాకిలి నుంచి పటం మొదలైందన్న ప్రశ్నను ఆట అడగగలిగితే కాదు. ఇంట గీసిన పటానికీ, అంగట్లో కొన్న పటానికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. కొన్న పటంలో వాకిలిని ఎవరో ముందే నిర్ణయించారు.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఆటపటం ఆటకు ముందుండే ఉపకరణం కాదు. నియమాన్ని, స్థలాన్ని నిర్ణయించే పాఠం. పులి-మేకలో ఒక అడ్డగీత పెరిగితే ఆరు కూడళ్లు పెరగడం, అష్టాచెమ్మాలో రెండు గీతల గుర్తుతో ఒక గడి అభయస్థలం కావడం ఇందుకు నిదర్శనాలు.

2. గీత దారి అయిన పటాలు, గీత హద్దు అయిన పటాలు రెండు భిన్న స్థలభావనలకు చెందినవి. యుద్ధపటాన్ని గడులకే పరిమితం చేయనక్కరలేదు.

3. తెలుగు ఆటపటాల్లో ఎంపిక పులి-మేక వైపు, కథ వైకుంఠపాళి వైపు విడిపోయాయి. దాచి విప్పే పద్ధతి పటంకథలో నిలిచింది. పాత్రధారణ ఆటల పటం ఈ మూడింటినీ కలుపుతుంది.

4. ఆటలను నమోదు చేసే పరిశోధకులు తుదిరూపపు బొమ్మతో తృప్తిపడరాదు. ఏ గీత ముందు పడింది, ఎవరు గీశారు, దేనితో గీశారు, ఏ గీత చెరిపి మళ్లీ గీశారు, ఎక్కడ తగాదా వచ్చింది అన్నవాటిని కూడా నమోదు చేయాలి. మూడు భాషలు కలిసే కొడంగల్, తాండూరు వంటి ప్రాంతాలు ఇలాంటి క్షేత్రపరిశోధనకు ప్రత్యేకంగా అనువైనవి.

నాపబండ మీది సుద్దగీత తడిగుడ్డతో పోతుంది. గీసే చేయి ఉన్నంతకాలం దానివల్ల నష్టం లేదు, మరునాడు మళ్లీ గీస్తారు. ఆ చేతికి తెలిసిన క్రమం మాత్రం ఎక్కడా రాసి లేదు. గీయడం తెలిసినవారు అరుగు మీద ఇంకా కూర్చుని ఉండగానే, వారి పక్కన కూర్చుని మొదటి గీత నుంచి చూసి రాసుకోవడం ఈ రంగంలో తక్షణం జరగవలసిన పని.